428 వేవ్ ఫైళ్ళు, ఆడాసిటీలో ఒక్కొక్కటీ చేయలేక చస్తున్నా. కమాండు దారి చెప్పండి

పెదనాన్న_టేపులు

మా పెదనాన్నకి నాటకాల పిచ్చి. తెనాలి చుట్టుపక్కల ఎక్కడ పౌరాణిక నాటకం ఆడుతున్నా టేపురికార్డరు చంకలో పెట్టుకుని బయలుదేరేవాడు. ఆయన పోయాక బీరువాలో 214 క్యాసెట్లు దొరికాయి. అన్నీ అరవై నిమిషాలవి, వైపుకి అరగంట. మా ఊరి స్టూడియో అతను రెండు వైపులూ వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్ళలోకి ఎక్కించి హార్డ్‌డిస్కులో పెట్టి ఇచ్చాడు. 428 ఫైళ్ళు, 136 జీబీ.

ఇప్పుడు చుట్టాలందరికీ పెన్‌డ్రైవ్‌లో ఎంపీత్రీలు కావాలట. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఫైలు తెరవడం, ఎక్స్‌పోర్ట్ నొక్కడం, పేరు కొట్టడం, గీత నిండేదాకా దాని మొహం చూడటం. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. మూడు రాత్రులు కూర్చుంటే 37 అయ్యాయి. చేస్తున్నది 38వదో, 37వదే మళ్ళీ చేస్తున్నానో తెలియని స్థితికి వచ్చాను. కమాండు లైనులో అన్నీ ఒకేసారి అయిపోతాయని మా ఆఫీసు కుర్రాడు అన్నాడు. ఆ ముక్క అనేసి వాడు పెళ్ళి సెలవు మీద వెళ్ళిపోయాడు.

విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి, ఉబుంటు ఎక్కించిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉన్నాయి. నల్ల తెర చూస్తే నాకు భయం. ముందే చెప్తున్నా.

నల్లతెర_నాగు

ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఆడియో వీడియోలు మార్చే కమాండు. ఒక్క లైను. ఎంటర్ కొట్టి భోంచేసి పడుకోండి.

పెదనాన్న_టేపులు

ఆ ఒక్క లైనేదో చెప్పాక పడుకుంటా నాగు గారూ.

నల్లతెర_నాగు

[ఈ పోస్టులోని కోడ్‌ను వేదిక కాపలా తొలగించారు]

వేదిక_కాపలా

నాగూ, మళ్ళీ అదే పని. ఇక్కడ కోడ్ అతికిస్తే నిలువు కొటేషన్లు వంకర కొటేషన్లయిపోతాయి, రెండు మైనస్‌లు కలిసి ఒక పొడుగు గీతవుతాయి. కాపీ చేసుకున్నవాళ్ళు ఎర్రర్లు తెచ్చి నా నెత్తిన పోస్తున్నారు. మాటల్లో చెప్పు. చేత్తో కొట్టుకుంటేనే వాళ్ళకీ అర్థమవుతుంది.

నల్లతెర_నాగు

సరే, మాటల్లోనే. ఉబుంటులోనే చేయండి, హాయిగా ఉంటుంది. ఆ ఫోల్డర్‌లో టెర్మినల్ (మీ నల్ల తెర) తెరిచి 'ఫర్' లూప్ మొదలుపెట్టండి, ఒక్కో ఫైలుకీ అదే పని మళ్ళీ మళ్ళీ చేయించేది. నక్షత్రం గుర్తు, చుక్క, వేవ్ అంటే ఆ ఫోల్డర్‌లోని వేవ్ ఫైళ్ళన్నీ. ఒక్కో ఫైలు పేరూ ఒక చరరాశిలోకి వస్తుంది. ఎఫ్ అనుకోండి. లూప్ లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్, మైనస్ ఐ, డాలరు గుర్తు పెట్టి ఆ ఎఫ్. తర్వాత బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా వాడాలో. చివర్న బయటికి రావలసిన ఫైలు పేరు. దానికి బాష్‌లో (టెర్మినల్‌లో మన కమాండులు చదివే షెల్ అది) సులువుంది: డాలరు గుర్తు, మీసాల బ్రాకెట్లలో ఎఫ్, శాతం గుర్తు, చుక్క వేవ్ అని రాస్తే తోక తెగుతుంది. ఆ మొండేనికి చుక్క ఎంపీత్రీ అంటించండి.

ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా మరవకండి. డాలరుతో ఎఫ్ ఎక్కడ వచ్చినా చుట్టూ డబుల్ కొటేషన్లు ఉండాలి. 'కాటి సీను బి వైపు' అనే ఫైలుకి కొటేషన్లు లేకపోతే షెల్‌కి నాలుగు ఫైళ్ళు కనిపిస్తాయి. కాటి ఒకటి, సీను ఒకటి...

గోదారి_గట్టు

సీను మా బావమరిది పేరు. కాటికి పంపకండి.

సాక్స్_సుబ్బయ్య

ఆడియో ఒక్కటే అయితే సాక్స్ అనే ఆడియో కమాండు ఉండగా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎందుకు? 1991 నుంచీ ఉంది. కమాండు మనిషి మాట్లాడినట్టే ఉంటుంది: లోపలి ఫైలు, బయటి ఫైలు, ఆ తర్వాత ఏం చేయాలో వరసగా. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మైనస్ పెట్టి రాసే ఆ స్విచ్‌లన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నల్లతెర_నాగు

సుబ్బయ్య గారూ, మీ సాక్స్ అధికారికంగా చివరిసారి విడుదలైంది 2015లో. ఉబుంటులో ఎంపీత్రీ రాయాలంటే దానికి విడిగా ఇంకో ప్యాకేజీ ఎక్కించాలి. ఈయన నల్ల తెరకే భయపడుతున్నారు.

సాక్స్_సుబ్బయ్య

మా ఇంటి రుబ్బురోలు కూడా 2015 తర్వాత అప్‌డేట్ కాలేదు. పప్పు నలుగుతూనే ఉంది.

క్లిక్కుల_కామేశ్వరి

ఆయన అడగకపోయినా చెప్తున్నా, ఆడాసిటీలోనే మ్యాక్రోలు ఉన్నాయి. పాత వెర్షన్లలో చెయిన్లు అనేవాళ్ళు. నార్మలైజ్, ఎక్స్‌పోర్ట్ అని రెండు మెట్లు పెట్టి 428 ఫైళ్ళూ ఒకేసారి ఎంచుకుంటే అదే చేసుకుపోతుంది. కొత్తవాళ్ళకి ఈ కమాండుల గోల ఎందుకు?

నల్లతెర_నాగు

మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో తెలియదు కామేశ్వరి గారూ. 210వ ఫైలు దగ్గర డబ్బా ఒకటి లేచి ఓకే కొట్టమంటుంది, మనం గురక పెడుతుంటాం.

క్లిక్కుల_కామేశ్వరి

నేను 60 ఫైళ్ళు చేశా. ఏ డబ్బా లేవలేదు. మీ టెర్మినల్ కూడా 'ఉన్న ఫైలు మీద రాయనా' అని అడిగి అలాగే నిలబడుతుంది కదా.

నల్లతెర_నాగు

అది నిజమే. ఆ ప్రశ్న రాకుండా మైనస్ వై పెడితే అడక్కుండా పాతదాని మీద రాసేస్తుంది. మైనస్ ఎన్ పెడితే ఉన్నదాన్ని వదిలేసి ముందుకు పోతుంది. పెదనాన్న గారూ, మీరు ఎన్ పెట్టండి.

హెడ్‌ఫోన్_హైమ

అందరూ ఎలా తిప్పాలో చెప్తున్నారు, ఏం తిప్పుతున్నామో ఎవరూ అడగలేదు. నేను ఆడియో పుస్తకాల పని చేస్తాను, పాత టేపులు చాలా చూశాను. మొదలెట్టేముందు మూడు ఫైళ్ళు వినండి: బాగున్నది ఒకటి, మధ్యరకం ఒకటి, అన్నిటికంటే అధ్వాన్నమైనది ఒకటి. విన్నాక ఇవి చూసుకోండి.

అప్పటి రికార్డరు మోనో, అంటే ఒకే చానెల్‌ది అయి ఉంటుంది. స్టూడియోలో స్టీరియో డెక్ మీద ఎక్కించారు కాబట్టి మీ వేవ్‌లో రెండు చానెళ్ళూ ఒకే శబ్దం. ఎంపీత్రీని మోనో చేస్తే సగం చోటు మిగులుతుంది. 64 కేబీపీఎస్ మోనోకి అరగంట 14.4 ఎంబీ. మీ 428కి 6.2 జీబీ లోపే. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పడుతుంది.

ఇక్కడొక తిరకాసుంది. మైనస్ ఏసీ 1 అంటే రెండు చానెళ్ళనీ కలిపి మోనో చేస్తుంది. డెక్‌లో టేపుని చదివే హెడ్ కొంచెం వంకరగా ఉన్నా ఎడమ చానెల్‌కీ కుడి చానెల్‌కీ మధ్య వెంట్రుకవాసి ఆలస్యం ఉంటుంది. రెండూ కలిపితే పై శృతులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. అందుకే కలపకండి. ఏ చానెల్ బాగుందో విని, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని పాన్ ఫిల్టర్‌తో అదొక్కటే తీసుకోండి. ఆ ఫిల్టర్‌లో నిలువు గీత వస్తుంది. కొటేషన్లలో పెట్టకపోతే షెల్ దాన్ని పైపు (ఒక కమాండు ఫలితాన్ని ఇంకోదానికి పంపే గుర్తు) అనుకుంటుంది.

వేవ్‌లు మాత్రం చెరపకండి. చోటు చాలకపోతే ఫ్లాక్‌లోకి మార్చండి. నష్టం లేకుండా చుట్టి పెడుతుంది, కావాలంటే మళ్ళీ వేవ్‌గా విప్పుకోవచ్చు. ఎంపీత్రీలోంచి వెనక్కి రాలేం.

ఓపస్_ఓబులేసు

2012లో ప్రమాణమైన ఓపస్ అనే ఆడియో ఫార్మాట్ ఉండగా ఇంకా ఎంపీత్రీ ఏంటండీ. మోనో గొంతుకి 24 కేబీపీఎస్ చాలు, పద్యాలు కాబట్టి 40 వేసుకోండి. వాట్సాప్ వాయిస్ నోట్లు కూడా ఓపసే.

పెదనాన్న_టేపులు

ఓబులేసు గారూ, వీటిని మా బాబాయి ట్రాక్టర్‌లో ఉన్న ప్లేయర్‌లో పెట్టుకుని వింటాడు. దానికి ఎంపీత్రీ తప్ప ఇంకేమీ తెలియదు. బాబాయికీ అంతే.

ఓపస్_ఓబులేసు

ట్రాక్టర్‌తో వాదించను.

పెదనాన్న_టేపులు

హైమ గారు చెప్పినట్టు విన్నాను. ఎడమ చానెల్ బాగుంది, కుడివైపు గరగర. కలిపితే నిజంగానే దుప్పటి కప్పుకున్నట్టుంది, ఆ మాట భలే సరిపోయింది.

తర్వాత కొంప మునిగింది. స్టూడియో అతను ఇచ్చిన టెక్స్ట్ ఫైలులో పేర్లన్నీ వరసగా ఉన్నాయి కదా, ఆ వరసలోనే చేద్దామని మా కుర్రాడికి ఫోన్ చేశా. పెళ్ళి మంటపంలోంచే చెప్పాడు: ఫర్ వద్దు, 'వైల్ రీడ్' పెట్టి ఆ ఫైలులోంచి ఒక్కో లైనూ చదవమని. మొదటి ఫైలు చక్కగా అయింది. రెండోదానికి 'అలాంటి ఫైలు లేదు' అంది. ఆ ఎర్రర్‌లో పేరు చూస్తే '002' లేదు, పేరు మొదట్లో ఒక ప్రశ్నార్థకం పెట్టె, ఆ తర్వాత సగం మాట. మూడోదానికి ఇంకా ఎక్కువ తెగింది. పేర్ల తలలు ఎవరో నరికేస్తున్నట్టుంది. హార్డ్‌డిస్కు పోయిందా? టెన్షన్‌గా ఉంది.

నల్లతెర_నాగు

హార్డ్‌డిస్కుకి ఏమీ కాలేదు. నరికేది ఎఫ్ఎఫ్ఎంపెగ్గే. నడుస్తున్నంతసేపూ అది కీబోర్డు వైపు చెవి పెట్టి ఉంటుంది, క్యూ నొక్కితే ఆగడానికి. మీ లూప్‌లో కీబోర్డు స్థానంలో ఆ పేర్ల ఫైలే ఉంది. మీరు చదవాల్సిన లైన్లోంచి అది కొన్ని బైట్లు మింగేస్తోంది. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మధ్యలో కొరికితే మీకు ఆ పెట్టె కనిపించింది.

మైనస్ నో-ఎస్టీడీ-ఇన్ అనే స్విచ్ పెట్టండి, ఆ మూడు ముక్కలూ కలిపి ఒకే మాటగా. చెవి మూసుకుంటుంది.

ఐటీ_ఐలయ్య

ఈ రోగం నాకు ఆఫీసులో తగిలింది. 900 కాల్ రికార్డింగులు రాత్రికి పెట్టి ఇంటికి వెళ్ళా. తెల్లారి చూస్తే మొదటి ఫైలే సగంలో ఆగిపోయి ఉంది. ఆ జాబితాలో రెండో పేరు మొదట్లోనే క్యూ అక్షరం ఉందన్నమాట. మొదటి ఫైలు సగంలో ఉండగానే 'క్యూ నొక్కారు కదా' అని మర్యాదగా ఆగిపోయింది. ఎర్రర్ కూడా లేదు. రెండు రోజులు తల పట్టుకున్నాం.

గోదారి_గట్టు

పెళ్ళి మంటపంలోంచి షెల్ స్క్రిప్ట్ చెప్పిన ఆ కుర్రాడికి నా ఆశీస్సులు. పెళ్ళికూతురు పరిస్థితి?

పెదనాన్న_టేపులు

పెళ్ళి వాడి అక్కది. వాడు వడ్డనలో ఉన్నాడు.

ఆ స్విచ్ పెట్టాక తలలు తెగడం ఆగింది. ఇంకో సమస్య. వేవ్‌లని హార్డ్‌డిస్కులోంచి ఉబుంటులోకి కాపీ చేస్తుంటే తొమ్మిది ఫైళ్ళు రానన్నాయి. పేరు మరీ పొడుగట. విండోస్‌లో బాగానే తెరుచుకుంటున్నాయి.

యూనికోడ్_ఉమాపతి

ఇది నా ఏరియా. విండోస్ డిస్కు పేరుని అక్షరాల లెక్కన కొలుస్తుంది, 255 దాకా. ఉబుంటు డిస్కు బైట్ల లెక్కన కొలుస్తుంది, అదీ 255. నాగు చెప్పినట్టు తెలుగుకి మూడేసి బైట్లు. అంటే 85 దగ్గర ఆగిపోతుంది. గుణింతాలూ వత్తులూ విడి అక్షరాలే లెక్క. 'శ్రీ' అని మనం ఒక్కసారి రాస్తాం. లోపల అది శ, పొల్లు, ర, ఈకారం: నాలుగు సంకేతాలు, 12 బైట్లు. 'శ్రీశ్రీశ్రీ' అని ఫైలు మొదలెడితే అప్పుడే 36 పోయాయి.

మీ స్టూడియో అతను ఫైలు పేరులో శుభలేఖ రాశాడా?

పెదనాన్న_టేపులు

నాటక సమాజం పేరు, ఊరు, తిరునాళ్ళ పేరు, హార్మోనిస్టు పేరు, దాత పేరు. మా పెదనాన్న అట్ట మీద రాసిందంతా ఉన్నదున్నట్టు కొట్టాడు.

యూనికోడ్_ఉమాపతి

అది ఫైలు పేరులో కాదు, ట్యాగులో (ఫైలు లోపల వివరాలు రాసే చోటు) ఉండాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మైనస్ మెటాడేటా అని శీర్షిక, కళాకారుడు విడివిడిగా రాయొచ్చు. ఫైలు పేరు మాత్రం 001_ఎ, 001_బి అని పొట్టిగా పెట్టండి. 1, 2 అని కాకుండా 001 అని సున్నాలు పెట్టాలి. లేకపోతే 1 తర్వాత 10, ఆ తర్వాత 100, ఎప్పటికో 2 వస్తుంది.

కారీ_కామయ్య

మాకు ఇక్కడ అమెరికాలో పాత మ్యాక్ ఉంది. దాంట్లోంచి కాపీ చేసిన తెలుగు ఫైళ్ళలో కొన్ని లైనక్స్‌లో (మీ ఉబుంటు లాంటిదే) వెతికితే దొరకవు. 'సైంధవ' అని కొడితే ఏమీ లేదంటుంది. ఫోల్డర్‌లో కళ్ళెదుటే ఉంటుంది! 'ద్రౌపది' మాత్రం దొరుకుతుంది. దయ్యమా ఇది?

యూనికోడ్_ఉమాపతి

దయ్యం కాదు, ఐత్వం. తెలుగులో ఐత్వానికి రెండు రాతలున్నాయి: ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వమూ దాని కింద ఐత్వపు తోకా విడివిడిగా ఇంకొకటి. కంటికి రెండూ ఒకటే. మీ పాత మ్యాక్ డిస్కు పేర్లన్నిటినీ విడగొట్టి దాచుకుంటుంది, కీబోర్డు కలిపి కొడుతుంది. లైనక్స్ బైట్లు మాత్రమే చూస్తుంది కాబట్టి ఆ రెండూ వేరంటుంది. ఔత్వానికి అలాంటి విభజన లేదు, అందుకే ద్రౌపది దొరికింది. కన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టుంది, ఎన్ఎఫ్‌సీ స్విచ్‌తో పేర్లన్నీ కలిపి రాతలోకి తెస్తుంది. మొదట ఏమేం మారుస్తుందో చూపిస్తుంది, 'నోటెస్ట్' అంటేనే నిజంగా మారుస్తుంది.

కారీ_కామయ్య

నాలుగేళ్ళుగా సైంధవుణ్ణి వెతుకుతున్నా. మబ్బుల్లో కాదు, మాత్రలో దాక్కున్నాడన్నమాట.

ఐటీ_ఐలయ్య

పెదనాన్న గారూ, వేగం ఎలా ఉంది? ఎంపీత్రీ చేసేటప్పుడు ఒక్కో ఫైలుకీ ప్రాసెసర్‌లో దాదాపు ఒక్క కోరే పని చేస్తుంది, మిగతావి గోళ్ళు గిల్లుకుంటూ ఉంటాయి. ఫైళ్ళు వెతికే 'ఫైండ్'తో పేర్లు తీసి, వాటిని కమాండుకి పంచిపెట్టే ఎక్స్‌ఆర్గ్స్‌కి ఇవ్వండి, మైనస్ పెద్ద పీ 4 అంటే నాలుగేసి ఫైళ్ళు ఒకేసారి నడుస్తాయి. పేర్లలో ఖాళీలున్నాయి కాబట్టి ఫైండ్ వైపు ప్రింట్-సున్నా, ఎక్స్‌ఆర్గ్స్ వైపు మైనస్ సున్నా తప్పనిసరి.

సాక్స్_సుబ్బయ్య

136 జీబీ యూఎస్‌బీ డిస్కులోంచే చదువుతుంటే నాలుగు పెట్టినా ఎనిమిది పెట్టినా డిస్కు దగ్గరే క్యూ కడతాయి. తిరిగే డిస్కయితే ముల్లు అటూ ఇటూ పరిగెత్తలేక ఇంకా మెల్లగా అవుతుంది.

పెదనాన్న_టేపులు

వేవ్‌లు లోపలి డిస్కులోకి కాపీ చేసుకున్నాను కాబట్టి నాలుగు పెట్టా. డెస్క్‌టాప్ ఫ్యాను విమానంలా అరుస్తోంది, కానీ పరుగే. ఈ రాత్రికి అయిపోతుంది.

పెదనాన్న_టేపులు

కాలేదు. రెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. పొద్దున లేచి మళ్ళీ అదే కమాండు కొట్టా. మైనస్ ఎన్ ఉంది కాబట్టి అయినవి వదిలేసి మిగతావి చేసింది. అంతా అయ్యాక లెక్కపెడితే 411 ఎంపీత్రీలు. 428 ఉండాలి. ఎర్రర్ ఏమీ కనపడలేదు.

నల్లతెర_నాగు

ఆ 17 ఫైళ్ళ తోకలు చూడండి. పెద్దక్షరాల్లో ఉన్నాయా?

పెదనాన్న_టేపులు

అవును! స్టూడియోలో ఇంకో మెషీన్ మీద ఎక్కించినవట. తోక పెద్దక్షరాల్లోనే ఉంది.

నల్లతెర_నాగు

విండోస్‌కి రెండూ ఒకటే, లైనక్స్‌కి కాదు. ఫైండ్‌లో 'నేమ్' బదులు 'ఐనేమ్' వాడితే పెద్దా చిన్నా తేడా చూడదు.

హెడ్‌ఫోన్_హైమ

17 దొరికాయని సంబరపడకండి. కరెంటు పోయిన క్షణంలో నాలుగు ఫైళ్ళు నడుస్తున్నాయి కదా? ఆ నాలుగూ సగంలో ఆగి ఉంటాయి. పొద్దున మైనస్ ఎన్ వాటిని చూసి 'ఇవి ఉన్నాయిగా' అని వదిలేసి ఉంటుంది. సంఖ్య సరిపోతే సరిపోదు, నిడివి చూడాలి. ఫైలు వివరాలు చూపించే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌తో ప్రతి వేవ్ నిడివి, దాని ఎంపీత్రీ నిడివి పక్కపక్కన అచ్చు వేయించండి. ఎంపీత్రీ చివర్లలో కొన్ని మిల్లీసెకన్లు ఎక్కువ చేరతాయి కాబట్టి అచ్చంగా సమానం రావు. ఒక సెకను కంటే తేడా ఉన్నవే చూపించమనండి.

పెదనాన్న_టేపులు

మీ నోట్లో చక్కెర పొయ్య. సరిగ్గా నాలుగు: 163_ఎ, 163_బి, 164_ఎ, 164_బి. అరగంట ఉండాల్సినవి 11 నిమిషాలు, 9 నిమిషాలు అలా ఉన్నాయి. చూడకుండా పంచి ఉంటే బాబాయి ట్రాక్టర్ ఆపి ఫోన్ చేసేవాడు.

ఐటీ_ఐలయ్య

ఇకమీద బయటి ఫైలుని ముందు వేరే ఫోల్డర్‌లో రాయించి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ బాగానే ముగిసిందంటేనే అసలు చోటికి 'ఎంవీ' కమాండుతో జరపండి. మధ్యలో రెండు యాండ్ గుర్తులు పెడితే అంతే. రెండు ఫోల్డర్లూ ఒకే డిస్కులో ఉండాలి. అప్పుడు అసలు ఫోల్డర్‌లో ఉన్నదల్లా పూర్తయినదే.

సాక్స్_సుబ్బయ్య

సాక్స్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక, నా పార్టీ అయినా సరే. లోపలికీ బయటికీ ఒకే పేరు ఇస్తే అసలు ఫైలు పోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ ఒక్క విషయంలో మంచిది, చెయ్యనని మొండికేస్తుంది. మా అబ్బాయి బారసాల పాటలు అలా పోగొట్టుకున్నాను.

నల్లతెర_నాగు

రుబ్బురోట్లో వేలు పడిందన్నమాట.

మౌనముని

గొంతులు ఎక్కువ తక్కువ లేకుండా సరిచేయరా? శబ్దం గట్టిదనం సరిచేసే లౌడ్‌నార్మ్ ఫిల్టర్ పెట్టండి. ఆ గట్టిదనం పాడ్‌కాస్టులకి మైనస్ 16, ఐరోపా ప్రసారాల ప్రమాణం మైనస్ 23. సైలెన్స్‌రిమూవ్ పెడితే ఖాళీలు కూడా పోతాయి.

హెడ్‌ఫోన్_హైమ

మునిగారూ, పద్యాల మీద ఆ రెండూ గుడ్డిగా వాడకూడదు. లౌడ్‌నార్మ్ ఒకే దెబ్బలో నడిపితే వింటూ వింటూ గొంతు పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. పద్యం అయ్యాక నటుడు రాగం తీస్తూ తీస్తూ మెల్లగా దిగుతాడు చూడండి, అక్కడ ఫిల్టర్ 'శబ్దం తగ్గింది' అని పైకి లాగుతుంది. హార్మోనియం తిత్తి గాలి కొట్టే చప్పుడు, వెనక వేరుశనక్కాయల వాడి కేక అన్నీ ముందుకొస్తాయి. వాడాలంటే రెండుసార్లు నడపాలి. మొదటిసారి కొలతలు మాత్రమే తీసుకుని, రెండోసారి ఆ కొలతలు ఇచ్చి లీనియర్ పద్ధతిలో. అప్పుడు ఫైలంతా ఒకే పాళ్ళలో పెరుగుతుంది.

ఇంకోటి, ఒకే దెబ్బలో నడిపితే అది శాంప్లింగ్ రేటుని (సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచి రాస్తారో) లోపల 192 కిలోహెర్ట్జ్‌కి ఎక్కిస్తుంది. మైనస్ ఏఆర్‌తో మళ్ళీ 44100కి దింపకపోతే వేవ్‌లు ఉబ్బుతాయి. మొదటిసారి నా శుభ్రం చేసిన ఫైళ్ళు అసలువాటికంటే నాలుగింతలయ్యాయి. డిస్కు నిండాక గానీ తెలియలేదు.

మౌనముని

ఖాళీలు తీయడంలో తప్పేముంది?

గోదారి_గట్టు

నాటకంలో పద్యం అయిపోయాక ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత 'వన్స్ మోర్' అని జనం. ఆ క్షణం తీసేస్తే నాటకం చూడని వాడికి నాటకం గురించి చెప్పినట్టుంటుంది.

ఐటీ_ఐలయ్య

పైగా దాని స్టాప్ పీరియడ్స్ అనే అంకె 1 పెడితే, మధ్యలో మొదటి ఖాళీ రాగానే తర్వాతదంతా కోసేస్తుంది. చివరి ఖాళీ ఒక్కటే పోతుందనుకుని నేను అదే పెట్టా. ముప్పై నిమిషాల ఫైలు ఆరు నిమిషాలయింది.

పెదనాన్న_టేపులు

మైకుసెట్టు గుర్రుమనే మోత మాత్రం కొన్నిట్లో బాగా ఉంది. అదేమైనా తీయొచ్చా?

సాక్స్_సుబ్బయ్య

మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ మోత 50, 100, 150 దగ్గర ఉంటుంది. అక్కడ మాత్రమే సన్నగా కోసే బ్యాండ్‌రిజెక్ట్ చాలు. సాక్స్‌లో నాయిస్ ప్రొఫైల్ తీసి తగ్గించే పద్ధతి ఉంది కానీ, మోతాదు మించితే నటుడు బావిలోంచి పాడినట్టుంటుంది. మోత ఉన్న ఫైళ్ళ మీదే నడపండి, అన్నిటి మీదా వద్దు.

బెజవాడ_బాచి

విండోస్ సంగతి ఎవరూ చెప్పలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నేరుగా కొడితే ఫర్ లూప్‌లో ఒక శాతం గుర్తు, అదే బ్యాచ్ ఫైలులో రాస్తే రెండు. నేను ప్రాంప్ట్‌లో పనిచేసిన లైనునే ఫైలులో పెట్టి, పనిచేయలేదని ఒక ఆదివారం తగలేశా.

పెదనాన్న_టేపులు

అయిపోయింది. 428కి 428, నిడివి తేడా ఉన్నది ఒక్కటీ లేదు. మోత ఉన్న 40 ఫైళ్ళకే బ్యాండ్‌రిజెక్ట్ వేశా. లౌడ్‌నార్మ్ వేయలేదు. వేవ్‌లు ఫ్లాక్‌గా రెండు డిస్కుల్లో ఉన్నాయి.

కానీ బాబాయి ట్రాక్టర్‌లో 001 తర్వాత 207 వస్తోందట. ల్యాప్‌టాప్‌లో వరస బాగానే ఉంది.

బెజవాడ_బాచి

ఆ ప్లేయర్లు పేరు చూడవు. పెన్‌డ్రైవ్ పట్టికలో ఏది ముందు రాసుంటే అదే ముందు పాడతాయి. ఉబుంటులో ఫ్యాట్‌సార్ట్ అని ఉంది. పెన్‌డ్రైవ్‌ని అన్‌మౌంట్ చేసి దాన్ని నడిపితే పట్టికే పేర్ల వరసలో తిరగరాస్తుంది. ట్యాగుల్లో తెలుగు పెట్టెలు పెట్టెలుగా కనపడితే ఐడీత్రీ (ఎంపీత్రీ ట్యాగుల పద్ధతి) వెర్షన్ 3 అడగండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా 4 రాస్తుంది. 3 పెట్టినా రాకపోతే దాంట్లో తెలుగు ఫాంటే లేదని.

పెదనాన్న_టేపులు

ఫ్యాట్‌సార్ట్ పనిచేసింది. ట్యాగుల్లో తెలుగు ఇంకా పెట్టెలే. బాబాయి తెర చూడడులెండి, పొలం చూస్తాడు.

ఇంకో మాట. నిన్న 113_బి వింటున్నా. పద్యాలు 22వ నిమిషంలో అయిపోయాయి. తర్వాత నాలుగు నిమిషాలు ఏమీ లేదు, ఉత్త టేపు చప్పుడు. కట్టేద్దామనుకుంటుండగా మా పెదనాన్న గొంతు. రికార్డరు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. మైకుసెట్టు అతనితో గొడవ. రికార్డరుకి కరెంటు తీగ ఇచ్చినందుకు అతను రెండు రూపాయలు అడుగుతున్నాడు, పెదనాన్న రూపాయిన్నర ఇస్తానంటున్నాడు. 'నీ కరెంటేమన్నా నాగార్జునసాగర్ నుంచి మోసుకొచ్చావా' అంటున్నాడు. పద్యాల్లో ఎక్కడా ఆయన గొంతు లేదు. 428 ఫైళ్ళలో ఇక్కడొక్కచోటే ఉంది.

మౌనముని

సైలెన్స్‌రిమూవ్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారి_గట్టు

చివరికి ఎంతిచ్చాడు?

పెదనాన్న_టేపులు

తెలియదు. టేపు అయిపోయింది.